గట్టు దాటు అన్న కేక

మా పని అజమాయిషీ చేసే కంగాణి వెళ్ళైసామి నోరు కాళీశ్వరి మూయించిన రోజు నేనక్కడే ఉన్నాను. కోవిల్‌పట్టి బయట మేం పనిచేసే చోటుని తీప్పెట్టి ఆఫీసు అంటారు. ఆఫీసంటే కుర్చీలూ బల్లలూ అనుకునేరు, అగ్గిపెట్టెలు చేసే రేకుల కొట్టం. నలభై మంది ఆడవాళ్ళం నేలమీద కూర్చుని చెక్క చట్టాల్లో పుల్లలు పేర్చేవాళ్ళం. తొంభై ఏడో సంవత్సరం అది. కాళీశ్వరి నా చెల్లెలి మనవరాలు, పద్దెనిమిదేళ్ళది. నాలుగు కాగానే చేతులు దులుపుకుని లేచింది. బంతాటకు పోవాలి.

"అయిదు కాకుండా గడప దాటకూడదు" అన్నాడు వెళ్ళైసామి అరవంలో. "ఆడదానికి బంతేమిటి?"

"నా వంతు చట్టాలు నిండినాయి అన్నా, చూసుకోండి" అంది అదీ అరవంలోనే.

వాడు కాలితో ఒక చట్టాన్ని తన్నాడు. పుల్లలన్నీ నేలపాలు. "ఇప్పుడు నిండలేదు" అన్నాడు.

అది తల వంచుకుని, చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా తెలుగులో అందుకుంది. "నీ మీసానికి నిప్పంటుకోను! ఈ పుల్లకుండే బుద్ది గూడా నీకు లేదు గదరా, పందికొక్కా!"

కొట్టంలో సగానికి పైగా తెలుగు కొంపలవాళ్ళమే. నవ్వులు కొట్టం రేకులకు తగిలాయి. వాడు నావైపు తిరిగి, "ఏమంటోంది?" అన్నాడు.

"మీరు తండ్రిలాంటి వారట, మన్నించమంటోంది" అన్నాను నేను.

వాడి మొహం చిన్నదైపోయింది. తనే వంగి నాలుగు పుల్లలు ఏరి, "సరే, పో తల్లీ" అన్నాడు.

మా తెలుగు ఇంట్లో మాట. గడప దాటితే అంగడిలో, బస్సులో, బడిలో అంతా అరవమే. మా మాట బయటివాళ్ళకు తెలియదన్నది మాకున్న ఒకే ఒక్క ఆస్తి అని మురిసిపోయేదాన్ని.

కోవిల్‌పట్టిలో ఆటంటే హాకీ. చేతిలో కర్ర లేనివాళ్ళను మైదానం మూలకు నెడతారు. ఆ మూలలోనే డ్రిల్లు సారు లక్ష్మణసామి ఫుట్‌బాల్ ఆడించడానికి పదకొండు మంది ఆడపిల్లల్ని పోగుచేశాడు. నేను రెండో తరగతితో బడి మానేశాను. అయితే ఏం, కళ్ళు లేవా? రోజూ గట్టున కూర్చుని చూసి ఆట నేర్చుకున్నాను. గోలు కాసే పిల్లకు ముందు నలుగురు వరసగా నిలబడతారు. అవతలివాళ్ళు బంతిని తన్నబోయే క్షణానికి ఆ నలుగురూ ఒక్కసారే ముందుకు ఉరకాలి. వాళ్ళ వెనక మిగిలిపోయిన ఎదుటి పిల్ల తప్పులో పడుతుంది, జెండా లేస్తుంది, గోలు కొట్టినా చెల్లదు. నలుగురిలో ఒక్కతి ఆలస్యమైనా కొంప మునిగిందే. అందుకని ఒక్క గొంతు కావాలి. ఆ గొంతు కాళీశ్వరిది. "గట్టు దాటు!" అని అరిచేది. ఆ వరసలోని నలుగురూ మా వీధి పిల్లలే. ఎదుటివాళ్ళకు అది కాకి అరుపు.

ఆ కేకతోనే జిల్లా గెలిచింది, రాష్ట్ర జట్టుకు పోయింది. అక్కడి అరవ పిల్లలకూ ఆ రెండు మాటలూ నేర్పింది. రెండువేల ఒకటిలో దేశ జట్టు ఎంపిక శిబిరానికి పిలుపొచ్చింది. ముప్పై ఆరు మందిని పిలిచి ఇరవై మందిని ఉంచుకుంటారట. అంతకుముందు ఆ జట్టులో ఒక పిల్ల అందరికన్నా వెనక ఒంటరిగా కాపలా ఉండేదట. ఇకమీదట నలుగురూ ఒకే వరసలో ఆడాలని కొత్త కోచి పట్టుబట్టాడట. "ఇది మన పిల్ల ఆటేనమ్మా! వరసను నడిపే గొంతు కోసమే వెతుకుతున్నారు" అని లక్ష్మణసామి సారు మా వాకిట్లోకి వచ్చి మరీ చెప్పాడు.

శిబిరం ముగిసే ముందురోజు మధ్యాహ్నం టీ కొట్టు ఫోనుకు కాళీశ్వరి నన్ను పిలిపించింది.

"అవ్వా, ఈడ కోచి 'అవుట్' అని అరవమంటాడు. అందరికీ ఒకే మాట ఉండాల్నంట."

"అనెయ్యి, దానికేమి?"

"నోరు తిరగదవ్వా. తలకాయలో మాట వెతికేలోపల బంతి పొయ్యేస్తాంది. రేపటి ఆట చూసే పేర్లు రాసేది."

"నీ పక్కన నిలబడేవాండ్లు ఎవురు?"

"ముగ్గురూ మన జట్టు పిల్లకాయలే. వాండ్లకు గట్టు తెలుసు."

"ఇంకేంటికి బయం? మన మాటే అరువు. ఆడ మన తెలుగు ఎవుత్తికి తెలుసునే?"

"సరే అవ్వా" అంది.

ఆంధ్రా ఒకటుందని నాకు తెలియక కాదు. తిరుపతి కొండకు రెండుసార్లు పోయొచ్చాను. అక్కడి పూలవాళ్ళతోనూ అరవంలోనే బేరమాడి వచ్చాను. గడప దాటితే అరవం. ఆ అలవాటు మా ఎముకల్లో ఉంది.

మర్నాడు శిబిరం పిల్లల్నే రెండు పక్షాలు చేసి ఆడించిన ఆటలో ఎదుటి పక్షం తొమ్మిదో నంబరు పిల్లది అనంతపురం. మొదటి రెండుసార్లూ జెండా లేచింది. మూడోసారి "గట్టు దాటు" అని వినబడగానే ఆ పిల్ల పరుగు ఆపేసి, వీళ్ళతో సమానంగా వెనక్కి వచ్చి, బంతి కదిలాక ఉరికింది. గోలు. కాళీశ్వరి ఇంకా గట్టిగా అరిచింది. ఇంకో గోలు.

ఆట అయ్యాక ఆ పిల్ల వచ్చి చెయ్యి పట్టుకుంది. "అక్కా, మీదే ఊరు? అచ్చం మా జేజి మాదిరే మాట్లాడతావే! నువ్వు అరిచినప్పుడల్లా నాకు ముందే తెలిసిపోయింది."

బయటి మనిషి నోట తెలుగు వినగానే మనవాళ్ళకు ఏం తోస్తుంది? కాళీశ్వరి అరవంలో జవాబు చెప్పిందట.

ఇరవై పేర్లలో ఆ తొమ్మిదో నంబరు ఉంది. మా పిల్ల లేదు. "ధైర్యముంది, చెప్పిన మాట వినదు" అని రాశారట.

నేను ఊరుకుంటానా? పైరవీలని అన్నాను, అంతా ముందే అమ్ముడుపోయిందని అన్నాను. కడంబూరు నుంచి తిరుత్తంగల్ దాకా పెళ్ళిలోనూ చావులోనూ అదే కథ చెప్పాను. లక్ష్మణసామి సారు నమ్మాడు. ఇంకెవరి కోసమని ఆ మూల వదిలేశాడు. మైదానంలో ఆ మూలకు కూడా ఇప్పుడు కర్రలే వచ్చాయి. కాళీశ్వరి అవుననలేదు, కాదనలేదు. విరుదునగర్‌లో పప్పు మిల్లు పనికి పోయింది. సాయంత్రాలు అక్కడి పిల్లలకు ఆట నేర్పుతోందని విన్నాను. ఎందుకూ కొరగాని పని అని కూడా అన్నాను.

మొన్న, ఐదేళ్ళ తర్వాత, వచ్చి నా ఎదుట కూర్చుంది. నీళ్ళిస్తే ముట్టలేదు.

"నా కాడ ముత్తుసెల్వి అని ఒక పిల్ల ఉండాది. దానికి శిబిరం పిలుపొచ్చింది. పోనంటాంది."

"పోకుంటే మేలు. పొయ్యి ఏడ్చేదానికా?"

"అదీ ఇదే అంటాంది. 'కాళీశ్వరి అక్కనే తీసుకోలా, నన్ను తీసుకుంటారా, అంతా అమ్ముడుపొయ్యి ఉంటాదని అవ్వ చెప్పింది గదా' అంటాంది. నా కంటే మంచి కాలు దానిది, అవ్వా."

నేను తల తిప్పుకున్నాను.

"ఆ ఫోను మాట ఎవురికీ చెప్పలా నేను. సారుకి గూడా" అంది.

వెళ్ళైసామి మొహం ఆనాడు ఎలా చిన్నదైందో నాకు ఇప్పటికీ గుర్తుంది. నా మొహం నాకు కనబడలేదు, అంతే తేడా.

"ఆదివారం విరుదునగర్‌కి బస్సెక్కు" అంది. "పిల్లకాయలందరినీ కూచోబెడతా. ఎవురూ నన్ను మోసం చెయ్యలేదని చెప్పు. అవుట్ అనమంటే అనకుండా నేనే చెడగొట్టుకున్నానని చెప్పు. అనొద్దని ఎవురు చెప్పినారో, దాన్నీ చెప్పు. అరవంలో చెప్పవ్వా, అందరికీ అర్తం కావాల."