మతి పోయిందంటే జగదాంబ ఒప్పుకోలేదు

పలాసలోని ఓ జీడిపప్పు ఫ్యాక్టరీలో జగదాంబ పద్దెనిమిదేళ్లుగా గ్రేడింగ్ పని చేస్తుండేది. గుండు, బద్ద, ముక్క అని పప్పు వేరుచేస్తున్నంతసేపూ కబుర్లు చెబుతూనే ఉండేది. చేయి మాత్రం తప్పేది కాదు.

2006లో చికున్‌గున్యా వచ్చింది. జ్వరం వారంలో దిగింది గానీ కీళ్లనొప్పులు ఐదు నెలలు మంచం దిగనివ్వలేదు. నీరసం పోవాలని అత్త గౌరమ్మ పూటపూటకీ తెల్లన్నం, పంచదార పాలు, బన్నురొట్టెలు పెట్టింది. జగదాంబ అసలే భారీ మనిషి, ఇంకో పన్నెండు కిలోలు పెరిగింది.

తిరిగి పనికెళ్తే గుండులో బద్ద కలిపేసింది. పక్కన కూర్చున్నామె పేరు నోటికి రాలేదు. మూడోరోజు మేస్త్రీ అప్పలస్వామి అందరి ముందూ, "నీకు మతి పోనాది జగదాంబా. ఇంటికాడ కూకో" అన్నాడు.

"కాళ్లు నొప్పెడితే కాళ్లు పోనాయంతావేటి? మతీ అంతే!" అని లేచి, నేరుగా టెక్కలి బస్సెక్కింది.

అక్కడి డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించింది. షుగరు బయటపడింది. "ఇలాంటి జ్వరాల తర్వాత కొందరికి తల మొద్దుబారినట్టుంటుంది. దానికి ఈ బరువూ, షుగరూ తోడయ్యాయి. తిండి మార్చి ఒళ్లు తగ్గిస్తే తలకీ మేలు జరగొచ్చు. పూర్తిగా మునుపటిలా అవుతుందని మాత్రం మాటివ్వలేను."

"మాట నానిత్తాను. ఏటి తినాలో మీరు సెప్పండి."

ఇంట్లో పంచదార డబ్బా అటకెక్కింది. చోడి (రాగి) అంబలి, తోటకూర, కవళ్ల చేపల పులుసు, గుప్పెడు అన్నం. గౌరమ్మ గోల పెట్టింది: "కోడలికి తిండెట్టడం నేదని ఊరోళ్లంతారే!"

"అన్నోళ్లని నా కాడికి పంపు."

రోజూ తెల్లారాక మోకాళ్లు పట్టుకుంటూ నడిచేది. దారిలో ఒక్కో గడప దగ్గరా ఆగి ఇంటివాళ్ల పేర్లు గట్టిగా చెప్పేది. "వైకుంఠరావు మావా! తప్పు సెప్పినానేటి?" తప్పితే అడిగి, మర్నాడు మళ్లీ అక్కడే ఆగేది. జనం నవ్వారు. ఆమె నడక ఆపలేదు.

ఎనిమిది నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గింది. ఫ్యాక్టరీకెళ్లి అప్పలస్వామితో, "పప్పులన్నీ కలిపి పొయ్యి" అంది. ఏరడం అయ్యాక అతను వెతికి, "నాలుగు తప్పులు" అన్నాడు.

"పక్కామె పళ్లెం కూడా సూడు."

అందులో ఆరున్నాయి. షెడ్డంతా గొల్లున నవ్వింది.

"సరే, రేపట్నించి రా."

"రేపేటి? ఇయ్యాలే" అని కూర్చుంది.

ఇప్పటికీ కొన్నిరోజులు మాట తట్టదు. అప్పుడు ఎదుటివాళ్ల చెయ్యి పట్టుకుని, "ఆగు, వత్తాది" అంటుంది. వచ్చేదాకా వదలదు.