మొండక్క, విరిగిన బ్రేకు స్క్రూ

అసలు పేరు ఏదైతేనేం, బస్సు డిపోలో ఆమెను అందరూ మొండక్క అనే పిలిచేవారు. బ్రేకుల విభాగంలో చేరిన మొదటి ఆడమనిషి. చేరిన రోజే ఫోర్‌మన్ చేతిలో చీపురు పెడితే, దాన్ని అతని బల్ల మీదే వదిలేసి, "నా ఆర్డర్లో మెకానిక్ అని రాసుంది సార్, ఇంకోసారి చదువుకోండి" అంది. ముప్ఫై ఏళ్లు చేసి రిటైరయ్యాక ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకుంది. తమ్ముడికి అది బొత్తిగా గిట్టదు.

"ఈ వయసులో ఈ గ్రీజు బతుకేంటక్కా? జనం నన్ను అంటున్నారు."

"అనేవాళ్లని ఇటు పంపు. నోళ్లు కూడా రిపేరు చేస్తా."

ఒకరోజు పశువుల డాక్టరమ్మ వచ్చింది. కొండమీది మందల దగ్గరికి తాను నడుపుకుంటూ వెళ్లే ఏటీవీని, అదే లావు టైర్ల నాలుగు చక్రాల బండిని, ట్రాలీలో వేసుకొచ్చింది. ముందు బ్రేకు మెత్తబడిందని షోరూములో ఇస్తే, బ్రేకు నూనెలో చేరిన గాలి తీయబోయి వాళ్లు బ్లీడర్ స్క్రూ విరగ్గొట్టారు. చక్రం పక్కనుండే బ్రేకు పళ్లేన్ని నొక్కిపట్టే కాలిపర్‌లోని గాలిని బయటికి వదిలే చిన్న బోలు స్క్రూ అది. తల ఊడిపోయి, మొండెం లోపలే ఉండిపోయింది.

"పాత మోడలు, కాలిపర్ దొరకదట. కొత్త బండి కొనుక్కోమన్నారండీ."

"విరగ్గొట్టింది వాళ్లు, శిక్ష బండికా?"

తమ్ముడు అడ్డొచ్చాడు. "బ్రేకులతో ఆటలొద్దక్కా! ఏదైనా అయితే నీ మెడకే చుట్టుకుంటుంది."

"బ్రేకులతో ముప్ఫై ఏళ్లు కాపురం చేశాను. నువ్వా నాకు చెప్పేది? పక్కకి జరుగు, వెలుతురు పడట్లేదు."

కాలిపర్ విప్పి, పిస్టనూ రబ్బరు సీళ్లూ తీసి, శుభ్రంగా తుడిచి, తుప్పు వదిలించే నూనె పోసి మర్నాటిదాకా ఉంచింది. మర్నాడు వేడిగాలి పట్టించి, చిన్న సుత్తితో చుట్టూ తట్టి, ఎడమవైపు తిరిగే డ్రిల్ బిట్ బిగించింది. అది పట్టు దొరికితే స్క్రూని తిప్పుకుంటూ బయటికి తెస్తుంది. దొరకలేదు. బిట్ జారి ఆమె వేలి కణుపు చెక్కుకుపోయింది.

"చెప్తే విన్నావా?" అన్నాడు తమ్ముడు.

ఆమె వేలికి గుడ్డ చుట్టుకుని కాస్త లావు బిట్ తీసింది. తొందరపడితే మరలు పాడవుతాయని నిదానంగా నొక్కింది. కిర్రుమంది. ఆగింది. మళ్లీ కిర్రుమంది. మొండెం గిర్రున తిరిగి ఊడి బల్ల మీద పడింది. లోపలి మరలు టార్చి వేసి చూసింది. చెక్కు చెదరలేదు.

కొత్త సీళ్లు, కొత్త స్క్రూ వేసి, బండి కోసం వచ్చిన డాక్టరమ్మ చేత బ్రేకు లీవరు నొక్కిస్తూ గాలంతా తీసింది. స్క్రూకి తగిలించిన గొట్టంలో బుడగలు ఆగాక, ఇద్దరూ వద్దంటున్నా తనే బండెక్కి వీధి చివరి వాలు దిగింది. సగంలో బ్రేకు వేస్తే బండి మేకు కొట్టినట్టు నిలబడింది.

ఆ కబురు షోరూముకి చేరింది. వారం తిరక్కుండా మేనేజరే వచ్చాడు. "మా దగ్గర చేరండమ్మా. కాకపోతే లోపల వెనకవైపు కూర్చోవాలి, కస్టమర్లు చూస్తే బాగోదు."

మొండక్క చేతులు తుడుచుకుంది. "విరిగినవి ఇక్కడికే పంపండి. నేను వీధి వైపే కూర్చుంటాను."

మేనేజరు ఏదో అనబోయాడు. ఈసారి తమ్ముడే ముందుకొచ్చాడు. "మా అక్క చెప్పింది కదండీ? ఇక దయచెయ్యండి."