వాగు తలుపుకు రెండు సర్కార్ల తాళాలు

కార్తిక బహుళ తదియ, సోమవారం. ఇంగ్లీషు లెక్కన నవంబరు పద్ధెనిమిది. ఉదయం ఆరూ పదికి బెజవాడలో నైజాం వైపు వెళ్లే రైలెక్కాను. గవర్నరుపేట నుంచి స్టేషనుకు జట్కావాడు మూడణాలు అడిగి, దూరమెంతో నేను చెప్పాక రెండుకు ఒప్పుకున్నాడు. రైలు పదిహేడు నిమిషాలు ఆలస్యంగా కదిలింది. దానితో బేరం కుదరదు.

ప్రయాణానికి కారణం సరిహద్దుకు ఇవతల ఉన్న మా నాలుగెకరాల వరి. కంకి పాలు పోసుకునే వేళకు చేలో నీళ్లు లేవు. కౌలుకు చేస్తున్న కోటయ్య ఆదివారం కబురు పంపాడు: ఇంకో వారం ఇలాగే ఉంటే కోతకు కొడవళ్లు అక్కర్లేదట, గొడ్లను తోలితే చాలునట.

వాగు నైజాంలో పుట్టి, మా ఊరి పక్కగా వచ్చి కృష్ణలో కలుస్తుంది. సరిహద్దుకు ఎగువన, వాళ్ల నేల మీద ఒక ఆనకట్ట, దాని పక్కన కాలవ తలుపు ఉన్నాయి. తలుపు తీస్తే నీళ్లు వాళ్ల కాలవకు పోతాయి. మూస్తే ఆనకట్ట పొర్లి మాకు వస్తాయి. మా అత్తగారి కాలం నుంచీ కట్టుబాటు ఒక్కటే: శుద్ధ పక్షం వాళ్లది, బహుళ పక్షం మాది. చదువు రానివాడికైనా తలెత్తి చూస్తే తెలిసే లెక్క.

కిందటేడు రెండు ప్రభుత్వాలవారూ కూర్చుని దీన్ని కాగితం మీద పెట్టారు. చంద్రుణ్ణి నమ్మటం కచేరీ మర్యాద కాదు గనక, నెలలో మొదటి సగం ఎగువకు, రెండో సగం దిగువకు అని రాసుకున్నారు. ఎవరి నెలో రాయలేదు. మనవాళ్లు నవంబరు అనుకున్నారు. వాళ్లు తమ ఫసలీ లెక్కలో దై నెల అనుకున్నారు. మన పదహారో తారీఖు వాళ్లకు పన్నెండు. శనివారం నాడు మనవాళ్లు తలుపు మూయించబోతే వాళ్లు కూడదన్నారు. తెరిచి ఉన్న తలుపుకు ఎవరి తాళం వారు వేసి వెళ్లారు.

పెట్టెలో ఎదురుగా కూర్చున్న మంగళగిరి చీరల వ్యాపారి ఇదంతా విని, “వెళ్లి ఏం చేస్తారండీ?” అని అడిగాడు.

“పంచాంగం చూపిస్తాను.”

“రెండు సర్కార్లకా! ఇద్దరు తోడికోడళ్లకే ఒక పొయ్యి దగ్గర కుదరదు గదండీ.”

సరిహద్దు దాటగానే సుంకంవాళ్లు ఎక్కి నా మాగాయ జాడీ విప్పించారు. ఈ దారిన వెళ్లేవారు జాడీకి గుడ్డ వదులుగా కట్టుకోండి. ఎనిమిదీ ఇరవై అయిదుకు మూడో స్టేషనులో దిగాను. కోటయ్య తెచ్చిన బండిలో ఆనకట్ట చేరేసరికి తొమ్మిదీ నలభై.

గట్టు మీద రెండు కుర్చీలు, రెండు గొడుగులు ఉన్నాయి. ఒక గొడుగు కింద మన రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, రెండో దాని కింద అదే హోదా గల వాళ్ల గిర్దావరు.

“ఇవాళ పద్ధెనిమిది మామ్మగారూ, న్యాయం మనదే” అన్నారు ఇన్‌స్పెక్టరు.

“పద్నాలుగమ్మా, ఇంకా మా హక్కే” అన్నారు గిర్దావరు.

నేను పంచాంగం తీశాను. “పున్నమి శుక్రవారం వెళ్లింది. మీ ఇద్దరి లెక్కా తప్పే.”

“పంచాంగం సర్కారు దస్తావేజు కాదమ్మా” అన్నారు గిర్దావరు. ఇన్‌స్పెక్టరు తల ఊపారు. పొద్దుటి నుంచీ వారిద్దరూ ఏకీభవించిన విషయం అదొక్కటే.

చివరికి పైవారికి రాయాలనీ, జవాబు వచ్చేదాకా తాళాలు తీయకూడదనీ నిర్ణయించారు. జవాబు ఎప్పటికి వస్తుందని అడిగితే, “ఫిబ్రవరిలోగా తప్పకుండా వచ్చేస్తుందండీ” అన్నారు ఇన్‌స్పెక్టరు. కోటయ్య గట్టు మీద చతికిలబడ్డాడు. పన్నెండూ పావుకు అధికారులిద్దరూ ఊళ్లోకి భోజనానికి కలిసి వెళ్లారు.

వారు కనుమరుగయ్యాక, తలుపు పక్కన కూర్చున్న మల్లయ్య లేచి దగ్గరికొచ్చాడు. అతను తలుపు చూసే నీరటి. రెండు ఊళ్ల కళ్లాల్లోనూ గింజలు కొలిపించుకునేవాడు గనక, ఏ ఊరి పంట ఎండినా అతని గాదె తరుగుతుంది.

“తలుపు తీసి ఉంచమన్నరు, తీసే ఉన్నది. కాలవల మట్టి పడొద్దని ఏ కాగితంలనన్న రాసిన్రా అమ్మా?”

“రాయలేదు” అన్నాను.

తలుపుకు పది అడుగుల అవతల, వాళ్ల కాలవకు అడ్డంగా కర్ర గుంజలు పాతి, తాటాకులు పరిచి, మట్టిపెళ్లలు వేశారు. కోటయ్యతో పాటు పార పట్టిన ఇద్దరూ ఎగువ ఊరి రైతులే. ఎందుకని అడిగితే వారిలో పెద్దవాడు, “పున్నమి దాటినంక ఈ నీళ్లు మావి కావమ్మా. మళ్ల మా పక్షం వచ్చినప్పుడు మీరు అడ్డం రాకుంటే చాలు” అన్నాడు. రెండూ ఇరవైకి ఆనకట్ట పొర్లింది. అధికారులు అప్పటికింకా కునుకులో ఉన్నారు.

నాలుగూ యాభై రైలుకు తిరిగి బయలుదేరాను. ఇన్‌స్పెక్టరు నా పెట్టెలోనే ఎక్కారు. వాగు వంతెన మీదికి రాగానే కింద నీళ్లు చూసి లేచి నిలబడ్డారు.

“చూశారా మామ్మగారూ! మనం గట్టిగా నిలబడ్డాం, వాళ్లు దిగివచ్చారు!”

ఉమ్మడి తనిఖీ ఫలితంగా దిగువకు నీరు విడుదలైందని అక్కడికక్కడే రాసి, భూమి గలదానిగా నన్ను సాక్షి సంతకం పెట్టమన్నారు. జట్కావాడి అణానైనా వదలనిదాన్ని, ఆ వాక్యం మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చదివాను. అందులో నిజమైన మాట ‘నీరు’ ఒక్కటే. కాని మట్టికట్ట సంగతి చెబితే రేపే దానికొక తలుపు పెట్టించి, రెండు తాళాలు వేస్తారు. కలం అడిగి తీసుకుని సంతకం పెట్టాను.