తవుడుకు అమ్మిన బిడ్డ

ఇథియోపియా ఎక్కడుందో మా ఆయన వంటింటి గోడ మీద బొగ్గుతో గీసి చూపించాడు. ముందు మన దేశం గీశాడు, పక్కన సముద్రం అన్నాడు, సముద్రానికి అవతల ఆఫ్రికా గీసి దాని ఒక కొసన చుక్క పెట్టాడు. ఆ చుక్కలో ఉన్నవాళ్లకు లెక్కలు చెప్పే అయ్యవార్లు కావాలట. "ఆడ వానలు బాగా పడతాయంట," అన్నాడు. జీతం, ఓడ ప్రయాణం, ఉండడానికి ఇల్లు, అవన్నీ తర్వాత చెప్పాడు. ముందు చెప్పింది మాత్రం వాన గురించే.

అవి అరవైల తొలి సంవత్సరాలు. మాది కంబదూరు దగ్గర ఒక ఊరు. ఆయన హైస్కూల్లో లెక్కల అయ్యవారు. నేను ఎనిమిదో తరగతి దాకా చదివినదాన్ని, ఆ సంగతి అప్పట్లో నాకు కొంచెం ఎక్కువగానే గుర్తుండేది. వరుసగా మూడో ఏడు వాన మొహం చాటేసింది. విత్తిన వేరుశనగ జానెడు లేచి మాడిపోయింది. బావిలో అడుగు బండ కనబడింది. బడిపిల్లలు పలకలు ఇళ్లలో పెట్టి పెద్దవాళ్ల వెంట బళ్ళారి వైపు కూలికి పోయారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అనే సామెత ఎవరిని చూసి పుట్టిందో తెలియదు గానీ, మా నేలకు అచ్చంగా సరిపోతుంది.

ఆయన్ను ఆ పనికి తీసుకున్నట్టు ఉత్తరం వచ్చింది. పెళ్లాం బిడ్డలను కూడా తీసుకురావచ్చని అందులో రాశారు. ఆయన, నేను, ఐదేళ్ల మా పిల్లవాడు, ఇంకా ఏడాది నిండని పాప. నలుగురం. మా అత్త కూడా అడ్డం చెప్పలేదు. "పోండి, ఈడ ఏముండాదని," అంది. ఆమె పెద్ద కొడుకు దగ్గర ఉంటానంది.

ఇక ఇంట్లో ప్రయాణపు హడావిడి. పెద్ద ఇనప పెట్టె వచ్చింది. నేను వేరుశనగ పొడి, కారం, ఎండబెట్టిన చింతపండు మూటలు కట్టాను. అక్కడ చలి అని ఎవరో చెబితే గుత్తిలో చుట్టాలావిడ చేత నలుగురికీ స్వెట్టర్లు అల్లించాం. పిల్లవాడు మిట్టమధ్యాహ్నం అది తొడుక్కుని, చెమటలు కారుతుంటే వీధంతా తిరిగి చూపించుకొని వచ్చాడు. నాకు ఆయన రోజుకు పది ఇంగ్లీషు మాటలు నేర్పేవాడు. తొమ్మిది మరిచిపోయేదాన్ని. ఆ నెలన్నర రోజులు మా ఇంట్లో కొంచెం నవ్వు వినిపించింది. అందుకే తర్వాత జరిగింది ఇంతగా నొప్పి పెట్టిందేమో.

పిల్లవాడి గురించి ఒక సంగతి చెప్పాలి. వాడికి ముందు నాకు ఇద్దరు పుట్టి, ఇద్దరూ నెల తిరగకముందే పోయారు. వీడు పుట్టగానే, నేను మొహం కూడా సరిగ్గా చూడకముందే, మా అత్త వాణ్ణి చేటలో వేసుకెళ్లి పెంటకుప్ప మీద పెట్టింది. రెండిళ్ల అవతల దూది ఏకి పరుపులు కుట్టే సాయిబుల ఇల్లు ఉండేది. ఇంట్లో వాళ్లదీ మాలాగే తెలుగే. ఆ ఇంటావిడకు ఏడుగురు బిడ్డలు, ఏడుగురూ గుండ్రాళ్లలా ఉన్నారు. ఆమెను నేను పిన్నమ్మా అని పిలిచేదాన్ని. ఆమె చేటెడు కొర్ర తవుడు తెచ్చి మా అత్తకిచ్చి, బిడ్డను కొనుక్కుంది. చావు వచ్చి అడిగితే ఈ ఇంట్లో బిడ్డ లేడు, అమ్మేశామని చెప్పడానికి. మా వైపు బిడ్డలు నిలవని ఇళ్లలో ఇది చేసేదే. చాలామంది ముక్కు కుట్టించి, పెంటకు సంబంధించిన ఏదో పేరు పెట్టి ఊరుకుంటారు. మా అత్తకు సగం పనులు నచ్చవు. వాడు నన్ను అమ్మా అనకూడదంది. నన్ను అక్కా అని, పిన్నమ్మను అమ్మా అని పిలిచేలా నేర్పింది. వాడి పెళ్లిలో, పీటల మీద, చేటకు రెండు చేటల తవుడూ చీరా ఇచ్చి విడిపించుకోవాలి. అంతదాకా నా బిడ్డ అని నేను పైకి అనకూడదు.

పాలిచ్చాను, నలుగుపెట్టి నీళ్లు పోశాను, ఐదేళ్లూ అక్కా అనిపించుకున్నాను. కొన్నిసార్లు ఒళ్లు మండేది. కానీ వాడు బతికాడు. బతికి ఉన్నవాడు ఎట్లా పిలిస్తే ఏమని సరిపెట్టుకున్నాను.

పాస్‌పోర్టు కోసం పిల్లల పుట్టుక కాగితాలు కావాలన్నారు. ఆయన కళ్యాణదుర్గం తాలూకాఫీసుకు పోయి నకళ్లు తెచ్చాడు. అరుగు మీద కూర్చుని రెండూ నాకిచ్చాడు. పాపది సరిగ్గానే ఉంది. పిల్లవాడిదాంట్లో తండ్రి అన్నచోట పిన్నమ్మ మొగుడు పరుపులాయన పేరు, తల్లి అన్నచోట పిన్నమ్మ పేరు ఉన్నాయి. ఆయన మొదట నవ్వాడు, కాసేపటికి నవ్వడం మానేశాడు.

మా అత్త చేటలో రాగులు చెరుగుతోంది. తల ఎత్తకుండానే ఒప్పుకుంది. "నేనే మునసబుతో అట్ల రాయించినా. ముందు ఇద్దరినీ మీ పేర్ల మీద రాయిస్తిమి, ఏమాయ? ఆ బుక్కు చూసుకునే కదా వచ్చి ఎత్తకపోయింది."

చావు మునసబు పుస్తకం తిరగేసి బిడ్డలను పట్టుకుపోతుందనేది ఆమె లెక్క. మా ఆయన కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

దారి లేకపోలేదు. పుస్తకంలో తల్లిగా ఉన్నామె, కన్న తల్లి, ఇద్దరూ అనంతపురం వచ్చి అధికారి ముందు నిజం చెబితే పేరు మారుస్తామన్నారు. ఆ కాగితం పదిహేను రోజుల్లో మద్రాసు పాస్‌పోర్టు ఆఫీసుకు చేరాలి. ఆయన పిన్నమ్మ ముందు నిలబడి నీళ్లు నమిలాడు. ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ అంది, "ఇంతదానికి ఇంత మొగం పెట్టుకొచ్చినావేమప్పా. వాడు పాప కడుపున పుట్టినాడని ఊరంతా తెలుసు. యాడికి రమ్మంటే ఆడికి వచ్చి చెప్తా." పాప అంటే నేను. తర్వాత నావైపు తిరిగి, "తవుడు మాత్రం తిరిగి ఇవ్వాల పాపా. ఊరికే తీసుకోకూడదు. వాని మేలుకే చెప్తాండా," అంది.

ఆ ఏడు ఊళ్లో కొర్రలు ఎవరికి పండాయి కనుక. తవుడు ఎక్కడుంటుంది. ఇల్లిల్లూ తిరిగాను, పక్క ఊళ్లకూ పోయాను, గుప్పెడు దొరకలేదు. చివరికి ఆయన కళ్యాణదుర్గం మిల్లు నుంచి వడ్ల తవుడు తెచ్చాడు. అనంతపురం పోయే రోజు పొద్దున రెండు చేటల తవుడూ ఒక చీరా పిన్నమ్మ ముందు పెట్టాను. ఆమె వేళ్లతో నలిపి చూసి, "ఇది వడ్లది. నేనిచ్చింది కొర్రది," అంది. ఆ వెంటనే, "పోనీలే, కరువులో ఏం చేస్తాం," అని లోపల పోసుకుంది. ఆమె మరిచిపోయింది. నాకు ఆ మాట ముల్లులా దిగబడింది.

బస్సులో పిల్లవాడు నా పక్కన కూర్చున్నాడు. సగం దారిలో నా మీదికి వాలాడు. ఒళ్లు పెనం మాదిరి కాలుతోంది. వారం ముందే నలుగురం ప్రయాణానికి టీకాలు వేయించుకున్నాం. చెయ్యి వాస్తుంది, జ్వరం వస్తుంది, భయపడొద్దు అని కాంపౌండరు రెండుసార్లు చెప్పాడు. నాకది తెలుసు. తెలిసి కూడా నా బుద్ధి టీకా వైపు పోలేదు. తవుడు వైపే పోయింది. తప్పు తవుడు ఇచ్చి విడిపించుకున్నాం, పెళ్లిదాకా ఆగకుండా విడిపించుకున్నాం, ఇప్పుడు పుస్తకంలో నా పేరు రాయించబోతున్నాం. ముందు పోయిన ఇద్దరి ఒళ్లూ ఇట్లాగే కాలాయి. అనంతపురం వచ్చేదాకా నాకు ఇంకో ఆలోచన లేదు.

ఆఫీసులో గుమాస్తా ముందు పిల్లవాణ్ణే అడిగాడు. నన్ను చూపించి, "ఈమె ఎవరబ్బీ నీకు?" అన్నాడు.

"అక్క."

"మరి అమ్మ ఎవరు?"

వాడు పిన్నమ్మ కొంగు పట్టుకున్నాడు. గుమాస్తా మా ఆయన వైపు చూసిన చూపులో దొంగను పట్టుకున్న సంబరం ఉంది.

లోపల అధికారి మంచివాడే. కోస్తా మనిషి. ఓపిగ్గా అంతా విన్నాడు, తవుడు సంగతి రెండోసారి చెప్పించుకుని మరీ విన్నాడు. పిన్నమ్మ చేతులు కట్టుకుని నిలబడి, "నా బిడ్డ కాదు దొరా. తవుడుకు కొనుక్కున్యా, ఈ పొద్దు తిరిగి ఇచ్చేసినా. కన్నది ఈ పాపే," అంది. గుమాస్తా రాసుకున్నాడు.

అధికారి నావైపు తిరిగాడు. "చెప్పమ్మా. ఈ పిల్లవాడు మీ బిడ్డేనా? ఒక్క మాట చాలు."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి కూడా ఇస్తానన్నాడు. అడ్డం పడింది నేను. పిల్లవాడు నా కాళ్లకు ఆనుకుని ఉన్నాడు, వాడి వేడి చీరలోంచి తగులుతోంది. ముందు ఇద్దరినీ నా బిడ్డలు, నా బిడ్డలు అని ఎత్తుకుని ముద్దాడినదాన్ని.

"కాదు సార్," అన్నాను. "ఆమె బిడ్డే. ఆమె కొనుక్కుంది."

మా ఆయన నన్ను పేరు పెట్టి పిలిచాడు. ఒక్కసారే. నేను తల ఎత్తలేదు. అధికారి అడిగిందే మళ్లీ అడిగాడు. నేనూ చెప్పిందే మళ్లీ చెప్పాను. ఆయన కాగితాలు సర్ది గుమాస్తాకు ఇచ్చేశాడు.

తిరుగు బస్సులో పిల్లవాడు పిన్నమ్మ ఒళ్లో పడుకున్నాడు. "ఏం పని చేసినావు పాపా," అంది ఆమె, కొంగుతో వాడి నుదురు తుడుస్తూ. మర్నాడు పొద్దునకు జ్వరం దిగింది. చేతి మీద టీకా పొక్కు కట్టి, ఎట్లా ఉండాలో అట్లాగే ఉంది. వాడు లేచి రాగి సంగటి అడిగాడు. నేను వాడికి సంగటి పెడుతూ ఏడ్చాను.

మా అత్త అంతా విని, "నేనంటే వేలిముద్రదాన్ని. ఇంత చదివినదానివి, ఆ ఒక్క మాట అనలేకపోతివా?" అంది.

ఆయన మళ్లీ అనంతపురం పోయాడు. ఒకసారి రాసిన వాంగ్మూలం మార్చాలంటే కోర్టుకు పోవాలన్నారు. కోర్టులో తేలేలోగా ఓడ పోతుంది. మీరొక్కరే పొండి అన్నాను. "వాణ్ణి ఈడ ఎండలో పెట్టి, ఆడ నేను వాన చూస్తా ఎట్లుండేది," అన్నాడు. రాలేనని ఉత్తరం రాసేశాడు. ఆ తర్వాతి ఏడూ వాన లేదు. బళ్లో పిల్లలు ఇంకా తగ్గారు. స్వెట్టర్లు పెట్టెలో పురుగు తిన్నాయి. పండక్కి సున్నం వేసినప్పుడు ఆ బొగ్గు చుక్క ఉన్న గోడకే ముందు వేశాను.

వాడి పెళ్లికి రెండేళ్ల ముందు పిన్నమ్మ పోయింది. వాడు ఆమె కొడుకులతో పాటు వరసలో నిలబడి గోరీలో మూడు పిడికిళ్ల మట్టి వేసి వచ్చాడు. ముందు ఇచ్చిన తవుడు నేను కాదన్న రోజే చెల్లకుండా పోయింది, ఇక పీటల మీద తవుడు ఎవరికి ఇవ్వాలి. విడిపించుకోవడం జరగలేదు. పాప నన్ను అమ్మా అంటుంది, వాడు అక్కా అంటాడు. వాడి పిల్లలకు అది నవ్వులాట.

మా ఆయన పోయిన నెలకు, వాడు పక్కన కూర్చుని అన్నం తింటుంటే, సిగ్గు విడిచి అడిగాను. "వాళ్లంతా పోయిరి. ఇప్పుడన్నా ఒకసారి అమ్మా అనరా."

వాడు ముద్ద కలుపుతూ ఆగాడు. కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు.

"ఆ పొద్దు ఆఫీసులో కాదంటివి కదక్కా," అన్నాడు. "రెండుసార్లు."

ఐదేళ్లవాడికి, జ్వరంలో ఉన్నవాడికి ఏం గుర్తుంటుందిలే అని ఇన్నేళ్లూ అనుకున్నాను. వాడికి మజ్జిగ పోసి, లోపలికి పోయాను.