కాలనీ వద్దన్న అప్పలస్వామి బాబాయ్

1994 వేసవి. దుర్గ్‌లో కలెక్టరు కచేరీ ఎదుట రేకుల షెడ్డు కింద టైపిస్టులం ఏడుగురం వరసగా కూర్చునేవాళ్లం. చివరి బల్ల నాది. అర్జీలు, అఫిడవిట్లు, అద్దె ఒప్పందాలు. మనిషి తన బాధ తన భాషలో చెప్పుకుంటే, దాన్ని ఆఫీసు వినే హిందీలోకి మార్చి కొట్టడమే మా పని. ఆ వరసలో తెలుగు తెలిసింది నాకొక్కదానికే కాబట్టి భిలాయి నుంచి వచ్చే మనవాళ్లందరూ నా బల్ల దగ్గరే ఆగేవారు.

ఒకరోజు అప్పలస్వామి అనే పెద్దాయన వచ్చాడు. స్టీలు ప్లాంటులో ముప్పయ్యేళ్లు క్రేన్ ఆపరేటరు. రిటైరైనా ప్లాంటు ఇచ్చిన బూట్లు విడవలేదు. స్మృతి నగర్ దాటాక, పొలాల అంచున చిన్న ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇంటికి ఎదురుగా ఉన్న ఖాళీ నేలలో ఎవరో కొన్ని వందల ఇళ్లతో పెద్ద కాలనీ కట్టబోతున్నారు. అభ్యంతరాలుంటే రాసివ్వమని పేపర్లో నోటీసు పడింది.

“అమ్మాయ్, నువ్వు తెలుగోలమ్మాయివటగా?”

“అవును బాబాయ్, కూర్చోండి.”

“కూకోడానికి రానేదు. ఆ కోలనీ ఆగిపోవాల. గట్టిగా కొట్టు.”

నిలబడే ఆరు పాయింట్లు చెప్పాడు. మొదటిది కాలనీ కట్టకూడదని. తర్వాత లారీల దుమ్ము, మిక్సర్ల రొద, బావిలో నీళ్లు అడుగంటడం, ఇలా. ఆరోది చెప్పేటప్పుడు మాత్రం కూర్చున్నాడు.

“సాయంత్రం అరుగు మీద కూకుంటానా, ప్లాంటు కాడ స్లాగ్ ఒంపుతారు. ఆకాశం ఎర్రగా అయిపోద్ది. ఫర్నేసు బాగానే నడుస్తందని నాకు తెలుస్తాది. మద్దిన మేడలు లేస్తే నాకు కబురెవుడు సెప్తాడు?”

స్లాగ్ అంటే ఇనుము కరిగించినప్పుడు పైన తేలే మడ్డి. దాన్ని పారబోస్తే భిలాయి ఆకాశమంతా వెలుగుతుంది. నేను “దృశ్యానికి అంతరాయం” అని కొట్టి చదివి వినిపించాను.

“అంతేనా?” అన్నాడు, ఆయన ఆకాశాన్ని నేనే తగ్గించేసినట్టు.

“ఆఫీసులో అలాగే రాస్తారు బాబాయ్. ఇక ప్రేయర్ చెప్పండి.”

“పూజ మా ఆవిడ సేస్తాది.”

ప్రేయర్ అంటే పూజ కాదనీ, అధికారిని ఏం చేయమంటున్నామో అర్జీ చివర ఒక్క ముక్కలో అడగడమనీ చెప్పాను. “కాలనీ రద్దు చెయ్యమని పెట్టేయనా?”

ఆయన గడ్డం గోక్కున్నాడు. “అది ఖాళీ ఒగ్గీ. ఇంటికాడ ఓపాలి అడగాల.”

రెండ్రోజుల తర్వాత భార్య నారాయణమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆవిడ బల్ల మీద చెయ్యి ఆనించి నిలబడింది. “ఆ అంచున పడి పన్నెండేళ్లయింది తల్లీ. కూరల బండోడు రాడు, ఆటోవోడు రానంటాడు. మాటాడ్డానికి మడిసి నేదు. ఈయనతోటి ఎంతసేపని మాటాడతాను? కోలనీ వస్తే ఏటి నట్టం?”

బాబాయ్ ఆవిడ వైపు చూడకుండా నాతో అన్నాడు. “బావి పాయింటు తీసీ. పైపులైను వస్తాదంట, మనకీ కనెక్షన్ ఇస్తారేమో. ఆ జాగాలో గేటు మన ఇంటేపు పెట్టాలని కొట్టు. కూరల బండి మన ఇంటిదాకా రావాలని కూడా కొట్టు.”

“బాబాయ్, ఇది అభ్యంతరం కదా?”

“అబ్యంతరమే. కోలనీ వద్దన్న పాయింటు మొదట్లోనే ఉంది కదా, అది తియ్యకు.”

అప్పట్లో కంప్యూటర్ లేదు. ఒక్క లైను మారినా కార్బన్లు పెట్టి మూడు కాగితాలూ మొదట్నుంచి కొట్టాల్సిందే. మరో వారంలో ఆయన ఇంకో రెండుసార్లు వచ్చాడు. ఒకసారి పార్కులో బెంచీ కావాలని చేర్చాడు. ఇంకోసారి ఆ బెంచీకి నీడ ఉండాలన్నాడు. పక్కబల్ల శర్మాజీ నవ్వు ఆపుకోలేక, “దీదీ, ఇది అర్జీయా, సీరియలా?” అని అడిగాడు. గడువు ముంచుకొచ్చేసరికి విసుగొచ్చి, ఖాళీగా ఉన్న ప్రేయర్ దగ్గర “తగిన చర్య తీసుకోవలసిందిగా ప్రార్థన” అని కొట్టి ఇచ్చేశాను. ఏం అడగాలో తెలియనప్పుడు టైపిస్టులందరం కొట్టే వాక్యమే అది. పని తప్పించుకోవడమే కదా అని అప్పుడు అనిపించలేదు.

విచారణ రోజు నన్నూ రమ్మన్నాడు. “రాసింది నువ్వే, సదవాల్సిందీ నువ్వే” అన్నాడు. హాల్లో యాభై మందిదాకా ఉన్నారు. అధికారి ఆ అర్జీని తనే పైకి చదవడం మొదలుపెట్టాడు. మొదటి పాయింటు, కాలనీ కట్టరాదు. నాలుగోది, కాలనీ గేటు అర్జీదారు ఇంటివైపే కట్టాలి. తొమ్మిదోది, బెంచీకి నీడ ఉండాలి. అక్కడిదాకా వచ్చేసరికి హాలంతా నవ్వులు. నాకు బల్లకింద దూరాలనిపించింది.

అధికారి మాత్రం నవ్వలేదు. కళ్లద్దాలు తీసి, “దాదా, ఆప్ చాహతే క్యా హైఁ?” అన్నాడు. ఇంతకీ తమరికేం కావాలని.

బాబాయ్ లేచి నిలబడ్డాడు. ముప్పయ్యేళ్లు కింద నుంచి ఎవరో చెయ్యూపితే ఎత్తి, చెయ్యూపితే దించిన మనిషి. “బనాయియే సాబ్. లేకిన్ ముఝే పూఛ్ కే బనాయియే” అన్నాడు. కట్టండి, కానీ నన్ను అడిగి కట్టండి.

“పూఛ్ హీ తో రహా హూఁ!” అన్నాడు అధికారి. అడుగుతూనే ఉన్నాను కదా అని.

బాబాయ్ చాలా మర్యాదగా, ఆలోచించుకోవడానికి టైము కావాలన్నాడు. ఈసారి అధికారి కూడా నవ్వేశాడు. భోజనాల వేళదాకా గడువిచ్చాడు.

వరండాలో మొగుడూ పెళ్లాం వాదించుకున్నారు. చివరికి తేల్చింది నారాయణమ్మే. “కోలనీ రానీ. మన ఎదురు వరసలో మేడలొద్దను. నీ మంటా నీకు కనపడతాది, నా బండీ నాకొస్తాది.”

అక్కడే గోడకు ఆనించి చేత్తో రాసిచ్చాను. ఎదురు వరస ఒక్క అంతస్తు దాటరాదు. అంతే.

కాలనీ వచ్చింది. ఆయన ఇంటికి ఎదురుగా ఇళ్లే కట్టలేదు, పార్కు వేశారు. ఆ వైపు కరెంటు పెద్దలైను పోతోందని, దాని కింద ఇళ్లు కట్టకూడదని తర్వాత తెలిసింది. బాబాయ్ మాత్రం తన అర్జీ దెబ్బకే పార్కు వచ్చిందని ఊరంతా చెప్పుకున్నాడు. నేను కాదనలేదు. నా టైపుకీ పేరే కదా.

రెండేళ్ల తర్వాత మళ్లీ వచ్చాడు. ముఖం జేవురించి ఉంది.

“కోలనీవోలు సంఘం పెట్టుకున్నారు. మీటింగుకి నన్ను పిలవనేదు. నా ఇల్లు గోడకి అవతల ఉందంట! ఆ కోలనీ పుట్టకముందు నుంచి ఉన్నోణ్ణి నాను. గట్టిగా కొట్టు, ఆ సంఘం రద్దు సెయ్యాలని.”

వెనకటి నేనైతే అప్పటికే కాగితం ఎక్కించి మొదటి పాయింటు కొట్టేసేదాన్ని. మొదటి అర్జీ దగ్గర నేను నేర్చుకున్నది ఇదే: కోపం పాయింట్లు చెబుతుంది కానీ ప్రేయర్ చెప్పదు. అది మనమే అడిగి, ఆగి, వినాలి. కుర్చీ ముందుకు జరిపాను.

“కూర్చోండి బాబాయ్. సంఘం రద్దవ్వాలా, అందులో మీరుండాలా?”

ఆయన కూర్చున్నాడు. బూటు లేసు విప్పి మళ్లీ కట్టుకున్నాడు. గొంతు తగ్గించి అడిగాడు.

“మెంబరుగా సేర్సుకుంటారంటావా?”

ఆ అర్జీ నాలుగు లైన్లు. ఒక్కసారే కొట్టాను.