వేళ్ళకు పెట్టిన కాపలా

నర్సరీలో మొక్కలు సాకే ఆమెను అందరూ మొక్కలక్క అనేవారు. ఆకు వాలు చూసి మొక్క ఒంట్లో సంగతి చెప్పేసేది. అలాంటి మనిషికి ఆ ఏడాది జెర్బెరా పూలమొక్కలు పరీక్ష పెట్టాయి. ఆరేళ్ళుగా తన చేత్తో పిలకలు విడదీసి పెంచిన నూట ఇరవై కుండీలవి. పొద్దున నిగనిగలాడిన ఆకు సాయంత్రానికి సొమ్మసిల్లుతోంది. కుండీ వంచితే వేళ్ళు నల్లబడి మెత్తగా ఉన్నాయి. వేరుకుళ్ళు.

"నెలాఖరుకి తేరుకోకపోతే పీకి తగలబెట్టించాలమ్మా, పక్క షెడ్డుకి అంటుకుంటుంది," అంది యజమానురాలు, ఆమె ముఖంలోకి చూడలేక.

మొక్కలక్క మేలుచేసే బాక్టీరియా పొడి తెప్పించి, నీళ్ళలో కలిపి మొదళ్ళలో పోసింది. అది వేళ్ళను అంటిపెట్టుకుని, వాటిని కుళ్ళబెట్టే బూజును దగ్గరికి రానివ్వదు. కంటికి ఆనని ప్రాణికి కూడా దేవుడు ఒక కొలువు ఇచ్చాడనుకుని దండం పెట్టుకుంది.

వారానికోసారి చొప్పున రెండుసార్లు పోసినా ఒక్క మొక్కా లేవలేదు. ఒకరోజు పెందలాడే వచ్చేసరికి, అక్కడే కుండీలు మోసే ఆమె భర్త షెడ్డులో నీళ్ళడబ్బాతో దొరికిపోయాడు. ఆయన చేతివేళ్ళు నీలంగా ఉన్నాయి.

"ఏంటండీ అది?"

"మైలుతుత్తం నీళ్ళు. నువ్వు మందు పోసిన ప్రతిసారీ మర్నాడు పోస్తున్నా. తిండి కూడా సరిగ్గా తినట్లేదు కదా నువ్వు. నీ మందుకి ఇది తోడైతే రెట్టింపు బలమని..."

"తోడా! తుత్తానికి బూజే కాదు, నా బాక్టీరియా కూడా చస్తుంది. నేను కాపలావాళ్ళని పెట్టి వెళ్తుంటే, వెనకాలే వచ్చి వాళ్ళకే విషం పోశారా మహానుభావా!"

ఆయన ముఖం చిన్నబోయింది. అది చూసి ఆమెకు కోపం నిలవలేదు. "రండి, మట్టి మోయండి," అంది.

యజమానురాలి దగ్గరికి వెళ్ళి, "పొరపాటు మా వల్లే జరిగిందమ్మా, ఇంకో మూడు వారాలు ఇవ్వండి," అని అడిగింది. ఎవరి పొరపాటో ఆవిడ అడగలేదు. గడువు మాత్రం ఇచ్చింది.

ఇద్దరూ కూర్చుని కుళ్ళిన వేళ్ళు కత్తిరించి, తుత్తం ఇంకిన మట్టి పారబోసి, కొత్త మట్టిలో నాటారు. బాక్టీరియా నీళ్ళు మళ్ళీ పోశారు.

మూడో వారం యజమానురాలే వచ్చి ఒక కుండీ వంచింది. మట్టిముద్ద చుట్టూ దారాల్లా తెల్లని లేతవేళ్ళు. ముప్పై మొక్కలు దక్కలేదు, తొంభై నిలిచాయి.

"పీకించక్కర్లేదు," అని ఆవిడ కుండీని పసిబిడ్డను పడుకోబెట్టినట్టు బల్లమీద పెట్టింది.

మూలనుంచి తొంగిచూస్తున్న భర్తను మొక్కలక్క పిలిచింది. "రండి, ఇవాళ్టినుంచి వీటికి నీళ్ళు పోసే పని మీదే."

"ఉత్త నీళ్ళేనా?"

"ఉత్త నీళ్ళే!"