అమ్మకు వచ్చిన సీటు

ఆ వీధిలో ఆమెను అందరూ పళ్ళావిడ అంటారు. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు ఆ పేరు విని, సంచి పట్టుకుని వచ్చి "కిలో ఎంతండీ?" అని అడిగిన రోజులున్నాయి. "మా పళ్ళు నమలడానికేనండీ, మింగడానికి కాదు" అని ఆమె నవ్వేది. కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో ఆమెకు పని. పెళ్ళికి ముందే చేరింది. పెళ్ళయ్యాకా అక్కడే, కూతురు పుట్టాకా అక్కడే.

ల్యాబంటే మరీ పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. మందుల షాపు మీది అంతస్తులో రెండు గదులు. ముందు గదిలో కిటికీ పక్కన పొడుగాటి బల్ల, వెనక గదిలో ప్లాస్టరు పని. పంటి డాక్టర్లు పంపే నోటి అచ్చుల్లో ప్లాస్టరు పోసి, అది గట్టిపడ్డాక దాని మీద మైనంతో చిగుళ్ళు దిద్ది, ఒక్కొక్క పన్నూ అమర్చాలి. సాయంత్రమయ్యేసరికి ఆమె జుట్టంతా తెల్లటి దుమ్ము. "పొద్దున వెళ్ళేటప్పుడు మా ఆవిడ, సాయంత్రం వచ్చేటప్పుడు మా అమ్మ" అనేవాడు భర్త. అతను సిటీ బస్సు డ్రైవరు. రోజంతా హారన్ల మధ్య గడిపి వస్తాడు కాబట్టి ఇంట్లో గొంతు పెంచేవాడు కాదు. అత్తగారి పళ్ళసెట్టు కూడా ఆమె చేతి పనే. "కోడలు పెట్టిన పళ్ళతోనే కోడల్ని తిడుతున్నాను, ఎంత అదృష్టమో చూడండి" అని ఆవిడ ఇంటికొచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది.

ఇక కూతురు. మాటలు వచ్చిన దగ్గర్నుంచి ప్రతిదానికీ వాదనకు దిగేది కనక ఇంట్లో లాయరు అని పేరు పడింది. పేరుకే లాయరు గాని పిల్లకు కెమిస్ట్రీ అంటే ప్రాణం. దేశమంతా పోటీపడితే గుప్పెడుమందిని మాత్రమే తీసుకునే యూనివర్సిటీ ఒకటి ఆ ఊళ్ళోనే ఉంది. తండ్రి నడిపే బస్సు రోజూ దాని గేటు ముందు ఆగుతుంది. ఎలాగైనా ఆ గేటు లోపలికి వెళ్ళాలని లాయరు పట్టుపట్టి కూర్చుంది.

స్కూలు ఆఖరి ఏడాది వాళ్ళింట్లో వంటింటి బల్లే చదువుల బల్ల అయింది. తల్లి కూరగాయలు తరుగుతూ పుస్తకం చూసి ప్రశ్నలడగాలి, కూతురు జవాబులు చెప్పాలి. తల్లి కూడా ఒకప్పుడు కెమిస్ట్రీ బాగా చదివిన మనిషే. తన తండ్రి మంచాన పడడంతో పైచదువు మాట ఎత్తకుండా పనిలో చేరిపోయింది. దాని గురించి ఎప్పుడూ ఏడుస్తూ కూర్చోలేదు. కాని ఇప్పుడు కూతురు జవాబు చెప్పాక పేజీ తిప్పి ఊరుకోలేకపోయేది.

"అదెందుకలా?" అనేది.

"సిలబస్‌లో అంతవరకే ఉందమ్మా."

సిలబస్ ఆగినా ఆమె ఆగేది కాదు. మిగతాది ఎక్కడుందో వెతుక్కుని చదివేది.

ఒక సాయంత్రం, నమూనా పరీక్షలో మార్కులు తగ్గి లాయరు ముఖం మాడ్చుకుని కూర్చుంది.

"ప్రశ్న సరిగ్గా చదవలేదు నువ్వు. ఇది నీకు తెలిసిందేగా" అంది తల్లి.

"చెప్పడం తేలికేనమ్మా! బల్లకి అవతలపక్క కూర్చుని ఎవరైనా చెబుతారు. దమ్ముంటే నువ్వు రాసి చూడు. చదువు మధ్యలో ఆపేసిన పెద్దవాళ్ళకి కూడా కొన్ని సీట్లున్నాయిట అక్కడ."

"నిజంగానా?"

"నిజంగానే. రాస్తావా మరి?"

"నువ్వు రాయమంటే రాస్తాను."

కూతురు ఉక్రోషంతో విసిరిన మాట అది. తల్లి మాత్రం మర్నాడు మధ్యాహ్నం ల్యాబు కంప్యూటరు ముందు కూర్చుని దరఖాస్తు పెట్టేసింది. సంగతి విని కూతురు కోపం మరిచిపోయి పడీపడీ నవ్వింది. "బావుందమ్మా! పరీక్షకి నాకు తోడుంటావు" అంది. ఇంట్లో అందరికీ అది తోడు వెళ్ళడంగానే కనిపించింది. ఆమెకు మాత్రం అంతకంటే కాస్త ఎక్కువే. బయటికి అనలేదు, అంతే.

ఆ నెలల్లో ఇద్దరూ కలిసే చదివారు. కెమిస్ట్రీ ఎలాగో నెట్టుకొచ్చింది గాని లెక్కలు ఆమెకు కొరుకుడు పడలేదు. "ల్యాబులో గట్టి పళ్ళేవైనా ఉంటే పెట్టుకుని కొరుకు" అని అత్తగారి సలహా. పరీక్ష రోజున గుమ్మం దగ్గర ఒకాయన చెయ్యి అడ్డంపెట్టి "పేరెంట్స్ బయటే ఉండాలండీ" అన్నాడు. ఆమె హాల్ టికెట్ చూపించింది. ఆయన ఫొటోకేసి ఒకసారి, మనిషికేసి ఒకసారి చూసి, నాలుక కరుచుకుని దారిచ్చాడు.

కొన్నాళ్ళకు ఇద్దరికీ ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. "ఒకే ఇంట్లోంచి ఇద్దరా? పొరపాటేమో, ఫోన్ చేసి కనుక్కోండి" అంది అత్తగారు.

లాయరు వంతు పొద్దున్నే అయిపోయింది. ముఖం వెలిగిపోతూ బయటికి వచ్చింది. "అడిగినవన్నీ టకటకా చెప్పేశానమ్మా. ఆలోచించాల్సిన పనే పడలేదు." మధ్యాహ్నం తల్లి లోపలికి వెళ్ళింది. గుండ్రటి బల్ల చుట్టూ ముగ్గురు టీచర్లు. గోళ్ళ సందుల్లో ఎంత కడిగినా పోని ప్లాస్టరు ఉందని ఆమె చేతులు బల్ల కింద దాచుకుంది. తల నెరిసిన టీచరమ్మ ఒకావిడ అడిగింది:

"సబ్బు ఆకుపచ్చగా ఉంటుంది, నీలంగా ఉంటుంది. నురగ మాత్రం ఎప్పుడూ తెల్లగానే ఎందుకుంటుంది?"

"రంగు పైపైనే ఉంటుందండీ, నీళ్ళతో కొట్టుకుపోతుంది" అంది ఆమె. ఒకాయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు. అంతలోనే ఇంట్లో బట్టలు నానబెట్టే బకెట్టు కళ్ళముందు మెదిలింది.

"కాదండీ. నేను చెప్పింది తప్పు. నురగ దిగిపోయాక అడుగున చేరే నీళ్ళు మళ్ళీ రంగుగానే ఉంటాయి. అంటే రంగు ఎక్కడికీ పోలేదు."

"మరి?"

"నాకు తెలీదండీ. కాసేపు ఆలోచించుకోవచ్చా?"

"ఆలోచించండి. పైకే ఆలోచించండి, మేమూ వింటాం."

ఆమె తడుముకుంటూ మొదలుపెట్టింది. బుడగ గోడ పల్చన. అంత పల్చటి గోడలో రంగు ఉన్నా లేనట్టే. మరి తెలుపు ఎక్కడిది? గాజుముక్కలోంచి అవతలికి కనిపిస్తుంది, దాన్నే పొడి చేస్తే తెల్లగా అయిపోతుంది. ఇదీ అలాంటిదేనేమో. వెలుతురు ఒక గోడకీ ఇంకో గోడకీ తగిలి అన్ని పక్కలకీ చెదిరిపోతుందేమో. అక్కడికొచ్చి ఆగిపోయింది. ఆ తర్వాత ఏమిటో తోచలేదు. ఇంతలో టైము అయిపోయింది.

"నావల్ల కాలేదే" అంది బయటికి వచ్చి. "మొదటి ప్రశ్నకే తప్పు చెప్పాను. తెలీదని కూడా అనేశాను."

"అయ్యో అమ్మా! ఎవరైనా అలా అంటారా? తెలీకపోయినా తెలిసినట్టే మాట్లాడాలి" అని లాయరు తల కొట్టుకుంది.

గేటు ముందు ఆగిన బస్సు తండ్రిదే. ఎక్కాక అద్దంలోంచి ఆయన ఏమైందన్నట్టు కనుబొమలెగరేశాడు. కూతురు బొటనవేలు పైకెత్తి చూపించింది. తల్లి తల అడ్డంగా ఊపింది.

ఫలితాలు ఒక సెలవు రోజు పొద్దున వచ్చాయి. లాయరు తన ఫోనులో చూసుకుంది. మళ్ళీ చూసుకుంది. ఫోను బల్ల మీద బోర్లించి "రాలేదు" అంది. ఆ గొంతులో వాదన లేదు.

తల్లి దగ్గరికి వెళ్ళబోయింది.

"నీది చూడు."

"తర్వాత చూద్దాంలే."

"చూడమంటున్నానా!" అని కూతురే తల్లి ఫోను లాక్కుని తెరిచింది. చదివి, దాన్ని తల్లి చేతిలో పెట్టి, "నీకొచ్చింది" అని గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

భర్త ఒక కాలికి బూటు తొడుక్కుని రెండోది చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. అత్తగారు కాసేపటికి తేరుకుని, "తల్లికొచ్చి పిల్లకి రాకపోవడమేమిటి? ఇంట్లోవాళ్ళమే కదా, పేరు మార్చి ఇవ్వరా?" అంది.

ఆమెకు చిన్నపిల్లలా గంతులు వేయాలనిపించింది. ఆ వెంటనే తనమీద తనకే సిగ్గేసింది. రెండింటినీ పంటి బిగువున ఆపి అందరికీ వడ్డించింది. మర్నాడు ల్యాబులో, వెనక గదిలో, ల్యాబు పెద్దాయనకు చెప్పింది. ఆయన పళ్ళు సానపెట్టే మిషను ఆపి, "ఏమిటీ? మళ్ళీ చెప్పు" అన్నాడు. మళ్ళీ చెప్పేసరికి ఆమెకు నవ్వొచ్చింది, నవ్వుతుంటే ఏడుపొచ్చింది. ముఖం మీది ప్లాస్టరు దుమ్ము చారలు కట్టింది. ఆయన చేతిగుడ్డ అందించి, "సగంపూట రా, చాలు. మిగతా సగం నేను సర్దుకుంటాను" అన్నాడు.

ఇంట్లో మాత్రం ఊపిరాడలేదు. లాయరుకు వేరే రెండు కాలేజీల్లో సీటు వచ్చింది. "ఎక్కడికీ వెళ్ళను, ఏడాది ఇంట్లో కూర్చుని మళ్ళీ రాస్తాను" అని భీష్మించుకుంది. తల్లి ఏమడిగినా ఊఁ, ఊహూఁ తప్ప మాట లేదు. చివరికి ఆమె భర్తతో అంది: "సీటు వద్దని చెప్పేస్తానండీ. దాని ముఖం అలా ఉంటే నేనేం పుస్తకం పట్టుకోను?"

తలుపు ధడాలున తెరుచుకుంది.

"మానేస్తావా? రేపు నేనేం చేసినా 'నీ కోసం యూనివర్సిటీ వదులుకున్నాను' అంటావు. జన్మంతా ఆ మాట నేను మొయ్యాలా? నాకొద్దు బాబోయ్!"

"నేనెందుకంటానే?"

"నువ్వనవు. నానమ్మ అంటుంది."

"అంటాను" అంది నానమ్మ, మంచం మీంచే.

లాయరు గోడకు ఆనుకుని నిలబడింది. "నాకు కోపం నీ మీద కాదమ్మా." అంటూనే తల అడ్డంగా ఊపింది. "కాదు, నీ మీదే. నీ సీట్లు వేరు, నా సీట్లు వేరు, నువ్వు నాదేం లాక్కోలేదు. అన్నీ తెలుసు. తెలిసినా పోవట్లేదు. నువ్వు వెళ్ళు. అది పోయినప్పుడు పోతుంది."

"పోయేదాకా?"

"పోయేదాకా ఉంటుంది."

ఆమె కాసేపు ఆలోచించింది. "సరే, వెళ్తాను. కాని నువ్వు ఆ రెండు కాలేజీలూ ఒక్కసారి చూసిరావాలి. చూశాక కూడా ఇంట్లోనే ఉంటానంటే నోరెత్తను."

ఇద్దరూ కలిసి వెళ్ళారు. మొదటిది ఊళ్ళోనే, నాన్న బస్సు దారిలోనే. ముందంతా అద్దాలు, లోపల చల్లటి గాలి, చేతికి రంగురంగుల పుస్తకం. ల్యాబును కిటికీలోంచి చూపించారు. మొదటి రెండేళ్ళూ పిల్లల్ని లోపలికి పంపరట, ముందు థియరీ గట్టిపడాలట. తల్లికి బాగా నచ్చింది. పిల్ల కళ్ళముందే ఉంటుంది, కాలేజీకి పేరూ ఉంది.

రెండోదానికి రైల్లో సగంరోజు వెళ్ళాలి. గోడల సున్నం పెచ్చులూడుతోంది. ల్యాబులో రెండో ఏడాది చదివే అమ్మాయి ఒకతె ఉంది. కోటు నిండా యాసిడ్ పడిన చిల్లులు. ఊరి బావుల నీళ్ళు ఏడాదిగా పరీక్షిస్తోందట. ఒకే నీటికి ఒక్కోరోజు ఒక్కో లెక్క వస్తోందని విసుక్కుంటూ, "ఊరికే నిలబడతావేం, ఇది పట్టుకో" అని లాయరు చేతికి సీసా ఇచ్చింది. సీసా పట్టుకున్న లాయరు, లెక్క ఎందుకు మారుతోందని మొదలుపెట్టి, ఆ అమ్మాయితో వాదనకు దిగింది. తల్లి వరండాలో స్టూలు మీద కూర్చుంది. ఎంతకీ తెమలకపోతే లేచి నిలబడి, మళ్ళీ కూర్చుంది. ఫలితాలు వచ్చాక కూతురు అంతసేపు మాట్లాడడం అదే మొదలు.

తిరుగు రైల్లో లాయరు అంది: "రెండోది."

"హాస్టల్లో ఉండాలి."

"తెలుసు."

"ఆ కాలేజీకి పేరు కూడా అంతగా..."

"అమ్మా."

"సరే సరే. నోరెత్తనన్నాను కదా."

"ఆ అమ్మాయి ఎక్కడో తప్పు చేస్తోందమ్మా. ఎక్కడో నాకూ తెలీదు, కాని తప్పే. వెళ్ళి చూడాలి."

ఆ వానాకాలంలో తల్లి ఒక గేట్లోకి, కూతురు ఇంకో గేట్లోకి అడుగుపెట్టారు. ఇంట్లో మిగిలిన అత్తగారూ భర్తా వంట నేర్చుకున్నారు, లేదా నేర్చుకున్నామని చెప్పుకున్నారు. యూనివర్సిటీ పిల్లలు ఆమెను కొన్నాళ్ళు ఆంటీ అన్నారు. తర్వాత కెమిస్ట్రీ ల్యాబులో వాళ్ళకంటే ఎక్కువ గాజుసామాను ఆమే పగలగొట్టడంతో చనువు పెరిగి అక్కా అన్నారు. మొదటి పరీక్షల్లో లెక్కల్లో తప్పింది. ఆ సంగతి భర్తకంటే ముందు కూతురికి ఫోన్ చేసి చెప్పింది.

అవతల పుస్తకం పేజీలు తిప్పిన చప్పుడు. తర్వాత "ఏ చాప్టరు?" అని వినిపించింది.

అప్పట్నుంచి సాయంత్రాలు ఫోన్లో లెక్కలు. "ప్రశ్న సరిగ్గా చదవలేదు నువ్వు" అని కూతురు కసురుతుంటే ఆమె కిక్కురుమనకుండా రాసుకునేది. లాయరు కోపం ఆ రోజుల్లోనే ఎప్పుడో పోయింది. ఫలానా రోజున పోయిందని ఇద్దరిలో ఎవరూ చెప్పలేరు. ఆ చలికాలం యూనివర్సిటీ దరఖాస్తుల గడువు దగ్గరపడుతోందని తల్లే గుర్తుచేసింది. "ఇక్కడ పని మధ్యలో ఉందమ్మా. సీసాలు కడిగే నీళ్ళలోనే ఏదో ఉందని నా అనుమానం" అంది లాయరు. దరఖాస్తు మాట మళ్ళీ ఎత్తలేదు.

సగంపూట చదువు కావడంతో ఆమె డిగ్రీ పూర్తిచేసేసరికి, తనతో చేరినవాళ్ళు ఉద్యోగాల్లో స్థిరపడ్డారు. కూతురు ఆ రెండో ఊళ్ళోనే మంచినీళ్ళు పరీక్షించే ఆఫీసులో చేరింది. ల్యాబు పెద్దాయన ఓపిక తగ్గి ఇంటిపట్టున ఉండిపోతే, ఆ రెండు గదులూ ఇప్పుడు ఆమే చూసుకుంటోంది. కొన్ని పూటలు పళ్ళపని నేర్చుకునే పిల్లలకు పాఠం చెబుతుంది. పాఠం మధ్యలో తెలియనిది వస్తే చూసి చెబుతానంటుంది, మర్నాడు చెబుతుంది.

పోయిన సెలవుల్లో కూతురు వచ్చినప్పుడు ఇద్దరూ మేడ మీద బట్టలు ఆరేస్తున్నారు.

"ఒక మాట చెప్పనా అమ్మా? మొదటి ఏడాదంతా హాస్టల్లో ఎవరికీ మా అమ్మ ఎక్కడ చదువుతోందో చెప్పలేదు."

"నేనూ అంతే. మా అమ్మాయి కూడా అక్కడికే రాసిందని మా క్లాసులో చెప్పలేదు."

"ఎందుకు?"

"చెబితే 'అయ్యో' అంటారు. నీ గురించి ఎవరైనా అయ్యో అనడం నాకిష్టం లేదు."

లాయరు ఏదో వాదించబోయి, మానేసి, దుప్పటి రెండో కొస అందుకుంది. ఇద్దరూ చెరోపక్క పట్టుకుని గట్టిగా దులిపి తీగ మీద వేశారు.